మాణిక్యమ్మ గారి సగం రూలు

మొన్న ఎండల్లో నారాయణగూడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. హాల్లోకి అడుగు పెట్టగానే పట్టు లంగా కట్టుకున్న ఒకమ్మాయి స్టీలు గ్లాసు చేతికిచ్చింది. అల్లం దంచి, కొత్తిమీర, కరివేపాకు నలిపి వేసిన పల్చటి మజ్జిగ. ఫ్లైఓవర్ దగ్గర ఆటో దిగి నడిచొచ్చానేమో, గొంతు పిడచకట్టుకుపోయి ఉంది. అయినా ఆ వాసన ముక్కుకు తగలగానే ఒళ్ళు మండింది. వికారం కాదు, భయం కాదు, కోపమే. "ఇందులో నీళ్ళు ఎక్కడియమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల తెల్లమొహం వేసింది. పక్కనున్న మా ఆడపడుచు నవ్వి, "మా వదినకు పెండ్లిపిల్ల ఎట్లుందో అక్కర లేదు, మజ్జిగల నీళ్ళ పంచాయతీ కావాలె" అంది. అందరూ నవ్వారు. నేను గ్లాసు బల్ల మీద పెట్టేసి కూర్చున్నాను. ముప్పై ఏళ్ళకు దగ్గర పడుతోంది, ఈ కోపం చల్లారలేదు. దీన్ని నాకు అంటించిన మనిషి మాణిక్యమ్మ గారు. మీలో ఎవరూ ఆమెను ఎరిగి ఉండరు. ఆ రోజుల్లో చిక్కడపల్లిలో ఆమె మెస్సులో అన్నం తిన్నవాళ్ళు ఒకరిద్దరు ఉంటే ఉండవచ్చు, కానీ తిన్నవాళ్ళకు వంటింటి సంగతులు తెలియవు.

తొంభైల నడుమ మాట ఇది. చిక్కడపల్లి గ్రంథాలయం దాటి లోపలికి వెళ్తే ఒక సందు, ఆ సందులో ఆమె సొంత ఇల్లు. భర్త పోయాక ముందున్న రెండు గదులూ కలిపి మెస్సు పెట్టారు. అశోక్ నగర్‌లో గదులు కిరాయికి తీసుకుని పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ళు, నారాయణగూడ కాలేజీల పిల్లలు, కుటుంబాన్ని ఊళ్ళో వదిలి వచ్చిన గుమాస్తాలు అక్కడే తినేవారు. ఆమె మనిషి పొట్టి, గొంతు పొడుగు. పెరట్లో నిలబడి ఉప్పు తెమ్మంటే మెయిన్ రోడ్డు మీది కిరాణా వాడు పొట్లం కట్టేవాడని కుర్రాళ్ళు వేళాకోళం చేసేవారు. నేను బీకాం పాసై, టైపు నేర్చుకుని, రెండేళ్ళు దరఖాస్తులు పెట్టి పెట్టి విసిగిపోయి ఆమె దగ్గర చేరాను. కూపన్లు చింపడం, సరుకులు రాయించడం, పనివాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచడం నా పని. అప్పుడు నాకు ఇరవైమూడు. అందరూ మేనేజర్ మేడం అనేవారు. ఆ పిలుపు నాకు మహా ఇష్టంగా ఉండేది.

చేరిన రోజు ఆమె నా చేతికి కడిగిన కంచం ఒకటి ఇచ్చి, శుభ్రంగా ఉందా చూడమన్నారు. అటు తిప్పి ఇటు తిప్పి తళతళలాడుతోందన్నాను. "కంటికి గాదు బిడ్డా, ముక్కుకు చూపియ్యి" అన్నారు. వాసన చూస్తే పాత పప్పు కంపు. గిన్నెల దగ్గర కూర్చున్న చంద్రమ్మ పకపకా నవ్వింది. ఆ కంచం నా చేతే మళ్ళీ కడిగించారు. చదువుకున్నదాన్ని, చీర తడవకుండా కడగాలని చూశాను. "చీర మీద ప్రేమ ఉంటె ఇంట్ల ఉండు" అన్నారు మాణిక్యమ్మ గారు. ఆమె కోపం అంత చిన్న విషయాల మీద కూడా అంత పెద్దగానే ఉండేది.

ఆ చంద్రమ్మ గురించి చెప్పాలి. మహబూబ్‌నగర్ పక్క పల్లె నుంచి మొగుడు నాగయ్యతో వచ్చింది. అతను భవనాల పనికి వెళ్ళేవాడు. అశోక్ నగర్ వెనక నాలా ఒడ్డున ఉన్న బస్తీలో రేకుల ఇల్లు. పొద్దున గిన్నెలు తోమి, తర్వాత జొన్న రొట్టెలు చేసేది. అరచేతుల మధ్య పిండి తిప్పుతుంటే చూడముచ్చటగా ఉండేది. నన్ను ఆటపట్టించడం ఆమెకు సరదా. "మేడం, పెన్ను నీ మాట ఇంటది గని రొట్టె ఇనది" అనేది. నాకంటే ఒక ఏడాది పెద్దదేమో. ఈ కథ జరిగిన వానాకాలానికి ఆమెకు ఏడో నెల. మూడేళ్ళు ఎదురుచూసి నిలిచిన కడుపు. మాణిక్యమ్మ గారు పైకి కసురుతూనే రోజూ మధ్యాహ్నం స్వయంగా ఒక పెద్ద గ్లాసు మజ్జిగ పోసి తెచ్చి ఇచ్చేవారు. "పొయ్యి కాడ కూసుంటవు, వేడి చేస్తది, తాగు" అని దగ్గర నిలబడి తాగించేవారు.

మా మెస్సుకు రెండు గొప్పలుండేవి. ఒకటి నీళ్ళు. తెల్లారగానే రెండు పెద్ద గంజుల్లో నీళ్ళు మరగబెట్టి చల్లార్చి, గుడ్డ కట్టిన కుండల్లో పోసేవాళ్ళం. "ఇక్కడ కాచి చల్లార్చిన నీళ్ళు మాత్రమే" అని గోడ మీద నల్లబోర్డుపై నా చేత్తోనే రాశాను. రెండోది తలుపు దగ్గరి తనిఖీ. పనివాళ్ళు వంటింట్లోకి వెళ్ళే ముందు గోళ్ళు, చేతులు, కళ్ళు చూపించాలి. "ఒంట్ల మంచిగ లేనోళ్ళు వంటింట్లకు రావద్దు" అన్నది మాణిక్యమ్మ గారి రూలు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవారు. మొదట్లో ఆమే చూసేవారు, తర్వాత నాకు అప్పగించారు. నేను చేతిలో కర్ర లేని పంతులమ్మలా తలుపు దగ్గర నిలబడేదాన్ని.

ఆ ఏడు వానలకు ముందు రోడ్డంతా తవ్వి పోశారు. ఎవరు ఎందుకు తవ్వారో, ఎప్పుడు పూడుస్తారో అడిగితే చెప్పే నాథుడు లేడు. మంచినీళ్ళ గొట్టం, మురుగు కాలువ పక్కపక్కనే తేలి కనిపించేవి. వానలు పట్టాక ఒక విద్యార్థికి పచ్చకామెర్లు వచ్చాయి. పుస్తకాలు సర్దుకుని ఊరికి పోయాడు. తర్వాత అదే గదిలో ఇంకొకడు. నెల తిరిగేసరికి అశోక్ నగర్ గదుల్లో ఎవరిని కదిపినా అదే మాట. ఎక్కడి నుంచి వచ్చిందో అందరూ అప్పుడే తేల్చేశారు. బస్తీ నుంచి. వంటవాళ్ళు బస్తీ వాళ్ళే కదా, వాళ్ళ చేతుల మీదుగా వచ్చింది. ఎవరూ ఏమీ పరీక్ష చేసి చెప్పలేదు, అయినా ఒక్కరికీ అనుమానం లేదు. నాకూ లేదు. అశోక్ నగర్‌లోనే మెస్సు నడిపే సత్యం గారు, గోదావరి వైపు ఆయన, మా కౌంటర్ దగ్గర నిలబడి, "నేను ముగ్గుర్ని తీసేశానమ్మా, నాలా పక్కవాళ్ళని. మీరూ ఆ పని చెయ్యండి, లేకపోతే పిల్లలు మీ గడప తొక్కరు" అని హితబోధ చేసి వెళ్ళారు. నేను తల ఊపాను.

అప్పుడే మాణిక్యమ్మ గారు తమ్ముడికి ఒంట్లో బాగోలేదని వరంగల్ వెళ్ళారు. ఐదు రోజులు మెస్సు నా చేతిలో ఉంది. మొదటిరోజు పొద్దునే తలుపు దగ్గర చంద్రమ్మ తల వంచుకుని లోపలికి జారుకోబోయింది. ఆపాను. కళ్ళు చూపించమన్నాను. తెల్లగుడ్డు పసుపు పూసినట్టుంది. ఆమెకూ తెలుసు. నిన్నటి నుంచి అన్నం సయించడం లేదంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె అది చూసింది. "మేడం, రొట్టె ముట్ట. గిన్నెలు ముట్ట. పెరట్ల మూలకు కూసోని బియ్యం ఏరుత. ఒక్కదాన్నే" అంది. "రూలు రూలే చంద్రమ్మా. తగ్గినంక రా" అన్నాను. "అప్పటిదంక ఎట్ల మేడం?" అంది. ఆమె అడిగిందేమిటో నాకు అర్థం కాకపోలేదు. "అది నన్నడిగితె ఎట్ల? అమ్మ వచ్చినంక అమ్మను అడుగు" అన్నాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. హాల్లో నిలబడి, అనుమానం ఉన్న పనిమనిషిని పంపించేశామని, ఎవరూ భయపడాల్సిన పని లేదని గట్టిగా చెప్పాను. కుర్రాళ్ళు మెచ్చుకోలుగా బల్లల మీద చప్పుడు చేశారు. ఎవరో "మేనేజర్ అంటే ఇట్లుండాలె" అన్నారు. ఆ మాటకు ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు. చంద్రమ్మ ఇంటికెళ్ళి ఏం చేసిందో, ఏం తిన్నదో అన్న ఆలోచన ఆ ఐదు రోజుల్లో ఒక్కసారైనా నాకు రాలేదు. నేను కావాలని తోసిపుచ్చానని చెప్పుకుంటే కొంచెం గౌరవంగా ఉంటుంది. అసలు రాలేదు.

మాణిక్యమ్మ గారు ఉదయం బండికి దిగి, సంచీ గుమ్మంలో పెట్టకముందే "చంద్రమ్మ ఏది?" అన్నారు. చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను. "కండ్లు పచ్చగున్నయి. రావద్దన్న. మీ రూలే గదా అమ్మా." ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. "మంచిగ జేసినవు. మరి ఏం దింటున్నది?" అన్నారు. తెలియదన్నాను. "దవాఖానకు ఎవలన్న తోల్కపోయిన్రా?" అదీ తెలియదన్నాను. "ఇంటికి పోయి ఒక్కపాలన్న చూసినవా?" లేదన్నాను. ఆమె సంచీ అక్కడే వదిలేసి రోడ్డెక్కారు. నేను వెనక పరుగెత్తాను.

బస్తీలో బోరింగు దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారు. చంద్రమ్మ ఇల్లు ఎక్కడంటే ఒక ముసలామె బిందె దించి మమ్మల్ని ఎగాదిగా చూసింది. "మెస్సోళ్ళా? ఇప్పుడు తెలివికొచ్చిన్రా?" అంది. ఈ సందులో ఇంకెవరికి కామెర్లు వచ్చాయని మాణిక్యమ్మ గారు అడిగారు. ముసలామె చేతులు తిప్పుతూ, "ఇంటింటికి పోయి చూడు. ఒక్కరి కండ్లన్న పచ్చగున్నయా? మేమంత ఈ బోరింగు నీళ్ళే తాగుతం. మీ కాడ పనికొచ్చిన పిల్లకే పసిరికలు వట్టినయి. కడుపుతోని ఉన్నదానికి మీరేం తాగిచ్చిన్రు?" అంది. నేను నోరు తెరిచి, మా మెస్సులో కాచిన నీళ్ళు తప్ప వాడమని చెప్పబోయాను. మాణిక్యమ్మ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపారు. చంద్రమ్మ ఇంట్లో లేదని, మీరు రావద్దన్న మర్నాటి నుంచే మొగుడితో నారాయణగూడలో స్లాబు పనికి పోతోందని ముసలామె చెప్పింది. "ఇంట్ల పండుకుంటె గింజలెవలు వెడ్తరు?" అంది.

ఇద్దరం ఆటో ఎక్కాం. నారాయణగూడలో మూడో అంతస్తుకు స్లాబు వేస్తున్నారు. ఎండ మాడ్చేస్తోంది. చెక్కల వాలు మీదుగా ఆడవాళ్ళు వరసగా తట్టలు నెత్తిన పెట్టుకుని ఎక్కుతున్నారు. ఆ వరసలో నాలుగో మనిషి చంద్రమ్మ. ఏడు నెలల కడుపుతో, నెత్తి మీద కంకర తట్టతో. మాణిక్యమ్మ గారి గొంతు ఎంత పెద్దదో నాకు ఆ రోజే తెలిసింది. వరస మొత్తం ఆగిపోయింది. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, "ఏందమ్మా లొల్లి? స్లాబు పోసుడు మొదలైనంక నడుమల ఆపొద్దు, అతుకు వడ్తది" అన్నాడు. "ఆపొద్దంటె నువ్వు మొయ్యి" అని ఆమె చెక్కలెక్కి, చంద్రమ్మ నెత్తి మీది తట్ట లాక్కుని అతని కాళ్ళ ముందు పడేశారు. చంద్రమ్మ కళ్ళే కాదు, మొహమంతా పసుపే. మమ్మల్ని చూసి ఆమె అన్న మొదటి మాట, "అమ్మా, నేను ఆ దినం వంటింట్ల ఏం ముట్టలే. మేడమును అడుగు." మేం తప్పు పట్టడానికి అంత దూరం వచ్చామనుకుంది.

పెద్దాసుపత్రిలో డాక్టర్ చూస్తూనే లోపలికి తీసుకెళ్ళారు. బయటికి వచ్చి, ఇది నీళ్ళ వల్ల వచ్చే కామెర్లని, కడుపుతో ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికి తెస్తుందని చెప్పారు. "నెల, నెలన్నర కిందట తాగిన నీళ్ళు ఇప్పుడు బయటపడతాయి. ఎక్కడి నీళ్ళు తాగింది?" అని అడిగారు. మాణిక్యమ్మ గారు మొదలుపెట్టారు. "ఇంటి కాడ బోరింగు నీళ్ళు సార్. మా కాడ కాచిన నీళ్ళు. ఇంగ..." అక్కడ ఆగిపోయారు. అలాంటి మొహం ఆమెకు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. వరండాలో నేల మీద కూలబడి, "మజ్జిగ" అన్నారు.

మజ్జిగకు మాత్రం మేం సంపు నీళ్ళే, అంటే వీధి గొట్టం నుంచి నేలలోని తొట్టిలోకి పట్టిన కాచని నీళ్ళే పోసేవాళ్ళం. ఆ చుట్టుపక్కల మెస్సులన్నింటిలో అదే పద్ధతి. కాచిన నీళ్ళు పోస్తే మజ్జిగ చప్పబడుతుందని ఒక నమ్మకం. పైగా గంజుల్లోని నీళ్ళు భోజనాల వేళకు సరిగ్గా చల్లారవు, ఉన్నవి తాగడానికే సరిపోవు. గడ్డపెరుగు చిలికి, సంపులోంచి చల్లటి నీళ్ళు రెండు బకెట్లు తోడి కలిపేవారు. నా కళ్ళ ముందే కలిపేవారు. బోర్డు రాసింది నేనే, బకెట్లు లెక్క చూసుకుందీ నేనే, ఆ రెండింటికీ మధ్య తేడా నాకు కనబడలేదు. మజ్జిగను మేం నీళ్ళనుకోలేదు. "నేనే పోసిచ్చిన బిడ్డా. దినాం. వద్దన్నా దగ్గరుండి తాగిపిచ్చిన" అన్నారు మాణిక్యమ్మ గారు. ఏడవలేదు. పళ్ళు బిగించి, ఎదురుగా గోడను కొట్టేలా చూస్తూ కూర్చున్నారు.

మూడో రోజు చచ్చిన బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. చంద్రమ్మకు రెండు రోజులు స్పృహ లేదు. నాగయ్య ఆ పసిదాన్ని తువ్వాలలో చుట్టుకుని మా పక్క నుంచే వెళ్ళాడు. మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు. మాణిక్యమ్మ గారు దగ్గరికి పోతే, "చేసేది చేసిన్రు గదమ్మా" అని పక్కకు తప్పుకున్నాడు, అంతే.

మజ్జిగ డాక్టరు చెప్పిన రోజే ఆపేశాం, బిడ్డ పోయిన సాయంత్రం మెస్సే మూశారు. నన్ను నల్లబోర్డు తుడిచి కొత్తది రాయమన్నారు. మంచినీటి ఇబ్బంది వల్ల మెస్సు కొన్ని రోజులు మూసివేయబడునని రాశాను. ఆమె చదివి, కొంగుతో తుడిచేశారు. "ఇబ్బంది నీళ్ళకు గాదు వచ్చింది. ఎవలు ఏం జేసిన్రో అది రాయి." రాస్తే మెస్సు ఉండదన్నాను. "ఉండకపోతె పాయె" అన్నారు. ఆమె చెబుతుంటే రాశాను. మా మజ్జిగలో కాచని సంపు నీళ్ళు పోశాం, ఒక నెలగా తాగినవాళ్ళందరూ డాక్టరుకు చూపించుకోండి, మా దగ్గర పనిచేసే చంద్రమ్మకు రోగం మా నుంచే వచ్చింది, ఆమె తేలేదు, తెలియక ఆమెనే వెళ్ళగొట్టాం. కుర్రాళ్ళు చదివి గోల చేశారు. బల్లల మీద చప్పుడు చేసి నన్ను మెచ్చుకున్నవాళ్ళే కూపన్ పుస్తకాలు నా మొహం మీదికి విసిరారు. కానీ చంద్రమ్మ ఎలా ఉందని అడిగినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరే.

ఆదివారం మధ్యాహ్నం మిగిలిన మెస్సుల వాళ్ళు మా హాల్లో చేరారు. సత్యం గారు కూర్చోకుండానే, "మీరొక్కరు బోర్డు రాసి మా అందరి పొట్టా కొట్టారండి. నిన్న నా దగ్గర సగం బల్లలు ఖాళీ" అన్నారు. మాణిక్యమ్మ గారు ఆయన్నొక్కటే అడిగారు. "మీ మజ్జిగల ఏ నీళ్ళు సత్యం గారు?" ఆయన అటూ ఇటూ చూశారు. ఆమె వరసగా అందరినీ అదే అడిగారు. ఒక్కొక్కరే గొణుగుతూ బయటపెట్టారు. సొంత బావి ఉన్న ఇద్దరు తప్ప అందరివీ సంపు నీళ్ళే. "బస్తీ అన్నరు. నాలా అన్నరు. ముగ్గుర్ని ఎల్లగొట్టిన అని నా గల్లా కాడ నిలవడి చెప్పిపోయిన్రు. వాళ్ళకు అంటిచ్చింది మనం. సిగ్గుండాలె" అని అరిచారు. ఆ అరుపులో ఆమె తనను కూడా కలుపుకున్నారు. అందుకే ఎవరూ లేచి పోలేకపోయారని నేను అనుకుంటాను.

తర్వాత గొంతు తగ్గించి చెప్పిన మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఒంట్ల మంచిగ లేకుంటె రావద్దు అని పదేండ్ల సంది చెప్తున్న. సగం రూలు చెప్పిన. రాకుంటె ఏం దినాలె అన్న సగం చెప్పలే. ఆ సగం చెప్పకుంటె మనిషి రోగం దాస్తడు. దాసిండంటె అది మన అన్నంలకే వస్తది." పని చెయ్యని వాళ్ళకు జీతం ఎవడిస్తాడండీ అని సత్యం గారు విసుక్కున్నారు. "ఇంట్ల పండుకునుడే ఇప్పుడు వాళ్ళ డ్యూటీ. డ్యూటీ చేసినోళ్ళకు జీతమియ్యవా?" అన్నారు ఆమె. ఒక్కొక్కరుగా మూతపడితే అందరం మునుగుతామని, బావి ఉన్న ఇద్దరి వంటిళ్ళలోనే అందరికీ కలిపి వండుదామని, ఏ మెస్సు కూపన్ అయినా అక్కడ చెల్లాలని, సంపులు కడిగి గొట్టం బాగయ్యేదాకా ఎవరి గిరాకీని ఎవరూ లాక్కోకూడదని ఆమే లెక్క తేల్చారు. ఒళ్ళు బాగున్న పనివాళ్ళు వంతులవారీగా ఆ రెండు వంటిళ్ళకు రావాలి, బాగోలేని వాళ్ళు ఇంట్లో ఉండాలి, జీతమూ పనిలో చోటూ ఇద్దరికీ ఉంటాయి. ఐదుగురు ఒప్పుకున్నారు. సత్యం గారు లేచి వెళ్ళిపోయి, మూడో రోజున తిరిగొచ్చారు. తీసేసిన ముగ్గురినీ వెతికి వెంటబెట్టుకుని మరీ వచ్చారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

మర్నాడు పొద్దున పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి మాణిక్యమ్మ గారు రెండో సగం చెప్పారు. అప్పుడు అన్నం వడ్డించే బాలరాజు లేచాడు. "అమ్మా, నాకు పది దినాల సంది ఒంటేలు పచ్చగ వస్తున్నది. జీతం వోతదని చెప్పలే. కండ్లు ఇంక పచ్చగ కాలె గదా, మేడమ్ పట్టుకోలే" అన్నాడు. పది రోజులు. నేను రోజూ తలుపు దగ్గర నిలబడి చూసిన మనిషే. అతని వెనక గిన్నెలు తోమే ఇంకొకామె కూడా లేచింది. దాచుకోలేకపోయిన చంద్రమ్మను పంపించేసి, దాచుకోగలిగిన ఇద్దరితో నూరు మందికి వడ్డింపించాను. నా తనిఖీ చేసిన ఘనకార్యం అది.

గొట్టం బాగు చేయించమని ఆఫీసుల్లో నేనూ ఆమే ఎన్ని బల్లల చుట్టూ తిరిగామో చెప్పలేను. ప్రతి బల్ల దగ్గరా ఇంకో బల్ల చూపించేవారు. చివరికి వానలు తగ్గాక ఎవరో వచ్చి పూడ్చి పోయారు. మెస్సులన్నీ మళ్ళీ తెరిచారు. ముందు రాత్రే నీళ్ళు కాచిపెట్టి, మర్నాడు వాటితోనే మజ్జిగ చేయించేవారు మాణిక్యమ్మ గారు. రుచి తగ్గిందని ఒక కుర్రాడు సణిగితే, "రుచి దవాఖానల మస్తుగ దొరుకుతది, పో" అన్నారు. సగం మంది కుర్రాళ్ళు తిరిగి రాలేదు. బస్తీ వల్ల వచ్చిందన్న నోళ్ళు మాత్రం, తప్పుగా అన్నామని ఒక్కటీ అనలేదు.

చంద్రమ్మ రెండు నెలల తర్వాత పనికొచ్చింది. సగానికి సగం చిక్కిపోయి ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె జీతం, బియ్యం ఇంటికి పంపుతూనే ఉన్నారు, మాణిక్యమ్మ గారు వారానికోసారి వెళ్ళి చూసొచ్చేవారు. నేను ఒక్కసారీ వెళ్ళలేదు, ధైర్యం చాలలేదు. ఆ పొద్దున చంద్రమ్మ తిన్నగా లోపలికి పోలేదు. తలుపు దగ్గర, నేను కూర్చునే చోట ఆగింది. రెండు చూపుడు వేళ్ళతో కింది రెప్పలు కిందికి లాగి, మొహం నా ముందుకు వంచింది. "చూడు మేడం. తెల్లగున్నయా? లోపటికి పోవచ్చునా?" అంది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే ఎంత బాగుండేదో. నిజంగానే అడిగింది. నేను మాణిక్యమ్మ గారి వైపు చూశాను, ఒక మాట అడ్డమేస్తారేమోనని. ఆమె వంకాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, "నన్నెందుకు చూస్తవు? నిన్నడిగింది, నువ్వు చెప్పు" అన్నారు. "పోవచ్చు అక్కా" అన్నాను. వినబడలేదేమో, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఆమె వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. ఆ తర్వాత ఆమె పని మానేదాకా నాలుగేళ్ళు ఒకే వంటింట్లో ఉన్నాం. రొట్టె గురించి నన్ను మళ్ళీ ఎప్పుడూ ఆటపట్టించలేదు.

ఇప్పుడు నేను ఒక లేడీస్ హాస్టల్లో వంటశాల చూస్తున్నాను. మొన్నామధ్య లోకమంతా తలుపులు వేసుకున్న రోజుల్లో తెలిసిన యజమానులు ఫోన్ చేసి, "దగ్గున్నవాళ్ళను రావద్దన్నాం మేడం, అన్నీ పాటిస్తున్నాం" అని చెప్పేవారు. ఆ గొంతులో గర్వం నాకు బాగా తెలిసిన గర్వం. మరి వాళ్ళకేం పెడుతున్నారు అని అడిగితే కొందరు నసిగేవారు, కొందరు ఫోన్ పెట్టేసేవారు. నేను మళ్ళీ చేసి తిట్టేదాన్ని. ఈ కథ విన్నవాళ్ళు నన్ను ఓదారుస్తుంటారు. చిన్నదానివి, చెప్పిన రూలు పాటించావు, నీ తప్పేముంది అంటారు. మా ఆయన అన్నాడు, మా అమ్మ అంది. మాణిక్యమ్మ గారు మాత్రం అనలేదు. ఆమె దగ్గర ఇంకా తొమ్మిదేళ్ళు పనిచేశాను, చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని జావ తాగించాను, ఒక్కసారైనా అంటారేమోనని మొహంలోకి చూశాను. అనలేదు. అని ఉంటే నమ్మేదాన్ని. నమ్మి హాయిగా ఉండేదాన్ని. ఆ హాయి నాకు దక్కనివ్వలేదని ఆమె మీద ఇప్పటికీ కోపం వస్తుంది. దక్కనిచ్చి ఉంటే, ఈపాటికి ఇంకెన్ని చంద్రమ్మలను గడపలోంచే వెనక్కి పంపి ఉండేదాన్నో.